ప్లానుదేముందండీ, నేనున్నాగా!

కోనసీమలో పాత ఇల్లు కొందామని వచ్చినవాడికి ఇంటికంటే ముందు పెద్దమనిషి కనపడతాడు. రావులపాలెంలో బస్సు దిగి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, "ఇటువైపు మండువా ఇల్లేదైనా అమ్మకానికుందా?" అని కొట్టువాణ్ణి అడిగితే చాలు. టీ అయ్యేలోపు టీవీఎస్ ఎక్సెల్ ఒకటి వచ్చి పక్కన ఆగుతుంది.

దిగినాయన వయసు యాభైకీ డెబ్భైకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. తెల్ల చొక్కా, మోకాళ్ళదాకా మడిచిన లుంగీ, భుజాన తువ్వాలు. హ్యాండిలుకి వేలాడే బట్టలకొట్టు సంచీలో ఊళ్ళో సగం ఇళ్ళ జిరాక్సులుంటాయి, మిగతా సగం ఇళ్ళ సంగతి ఆయన నోట్లో ఉంటుంది. బ్రోకరుగారూ అన్నారంటే మొహం ముడుచుకుంటాడు. "అబ్బెబ్బే, మాటసాయం చేసేవాణ్ణండి, అంతే." ఆ మాటసాయానికి అమ్మేవాడి దగ్గర నూటికి రూపాయి, కొనేవాడి దగ్గర నూటికి రూపాయి. మాట మరీ ఎక్కువ ఖర్చయితే రూపాయిన్నర.

పేరెందుకు, ఊరూరా ఉన్నాడు. ఊరంతా పెద్దమనిషి అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం.

కొనడానికొచ్చినవాడూ ఒక మాదిరి మనిషే. హైదరాబాదులో పన్నెండో అంతస్తులో ఉంటూ నూతిమీద బెంగపెట్టుకున్నవాడు. సంక్రాంతికి పిల్లలు అరుగుమీద కూర్చుని ఫొటో దిగాలి, పెరట్లో పనసచెట్టుండాలి, వైఫై తగలాలి. వచ్చేముందు లాయరు స్నేహితుడొకడు ఏమేం అడగాలో ఫోన్లో రాసి పంపించాడు. ఇంట్లో అడుగు పెట్టగానే అందులో మొట్టమొదటిదే అడుగుతాడు.

"ఇంటికి అప్రూవ్డ్ ప్లానుందాండీ?"

పెద్దమనిషి నవ్వడు. నవ్వితే బేరం చెడుతుంది. తలెత్తి దూలంకేసి చూసి, గోడని అరచేత్తో రెండుసార్లు చరిచి, "ప్లానుదేముందండీ, నేనున్నాగా!" అంటాడు. అవతలివాడి మొహంలో మబ్బు విడకపోతే, "ఉందండి, ఉందండి, అంత గాభరా దేనికి" అని సంచీలో చెయ్యి పెడతాడు.

తీసేది పాత దస్తావేజు తాలూకు ఆఖరి పేజీ. ఎప్పుడో డాక్యుమెంటు రైటరు స్కేలు లేకుండా గీసిన పటం. చతురస్రం గీద్దామని బయల్దేరి దారిలో మనసు మార్చుకున్నట్టుంటుంది. చుట్టూ ఎర్రసిరా గీత, లోపల "పెంకుటిల్లు" అనీ "ఖాళీ జాగా" అనీ రెండు మాటలు, నుయ్యికి ఒక సున్నా. ఉత్తరం చూపించాల్సిన బాణం స్టేపిలు పిన్ను కింద ఇరుక్కుపోయింది, ఎటు చూపిస్తోందో పిన్ను పీకితేగాని తెలీదు. ఎర్రగీత లోపలి జాగా ఫలానావారికి అమ్మబడినదని చెప్పడానికి రిజిస్ట్రేషను కోసం జతచేసిన కాగితమది. అక్కడ ఇల్లు కట్టుకోమని ఎవరైనా అనుమతిచ్చారా అన్న సంగతి దానికి అక్కర్లేదు. పెద్దమనిషికి ఈ తేడా బాగానే తెలుసు. కానీ కాగితం మూలన ఉన్న గుండ్రటి ముద్రమీద వేలు పెట్టి, "గవర్నమెంటు స్టాంపండి" అంటాడు. అందులో అబద్ధం లేదు.

నిజం చెప్పాలంటే ఈ వ్యవహారంలో ఆయన మోసం పాలు కంటే పాతకాలపు సర్కారు పాలే ఎక్కువ. దొరలు సర్వే చేసినప్పుడు పొలాలకి గట్టు గట్టుకీ లెక్క రాశారు, శిస్తొచ్చేది పొలం మీద గనక. ఇళ్ళున్నచోటికొచ్చేసరికి "గ్రామకంఠం" అని ఒక్క మాట రాసి, ఒక్క సర్వే నంబరేసి దాటిపోయారు. గుడీ, రచ్చచెట్టూ, ఊళ్ళో కొంపలన్నీ ఆ ఒక్క నంబరులోనే. పొలానికి పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది, ఇంటికి ఉండదు. ఇల్లు మాదేననడానికి ఇంటిపన్ను రసీదు, తాతపేరు మీదున్న కరెంటు మీటరు, పక్కింటివాడి సాక్ష్యం, ఇవే. కట్టేముందు పంచాయతీ అనుమతి తీసుకోవాలని 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. 2002లో పంచాయతీల్లో లేఅవుట్లకీ కట్టడాలకీ విడిగా నిబంధనలు కూడా వచ్చాయి. అప్పటికే తాతలు కట్టేసి పోయారు. ఆ తర్వాత మనవలు పైన గదులేసుకునేటప్పుడు అనుమతి ఏదని ఎవరైనా అడిగితే, మా తాత అడిగాడా అన్నారు.

ఈ లెక్కలన్నీ ఒకప్పుడు కరణంగారి దగ్గరుండేవి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాల్నీ మునసబుల్నీ ఒక్క కలంపోటుతో తీసేసింది. తీసేయాల్సిన కారణాలు చాలానే ఉన్నాయి, వాటిని ఇక్కడ తవ్వొద్దు. కానీ ఫలానా గోడ ఎవరిది, ఫలానా సందు ఎవరు ఎవరికి వదిలారు అని చెప్పే మనిషి ఊరికి కావాల్సొచ్చింది. ఆ ఖాళీలో పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. జీతం లేదు, దస్త్రం లేదు, ఉత్తర్వు లేదు కాబట్టి తీసేయడానికీ వీల్లేదు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టి సర్వేయర్నీ ఇంజినీరింగ్ అసిస్టెంటునీ వేశారు. ఆ కుర్రాళ్ళు ఊరికి కొత్త. సందులో తగువొస్తే వాళ్ళూ ఈయనకే ఫోను చేస్తారు. అందుకే కొనేవాడు ఏ ఆఫీసు పేరెత్తినా ఆయన జవాబొకటే, "మనోడేనండి."

ఇల్లు ఎప్పుడు కట్టారని అడిగి చూడండి.

"యాభైమూడు వరదకి మట్టిగోడలు కరిగిపోతే ఇటుకతో లేపారండి. ఎనభయ్యారు వరదకి నీళ్ళు ఇదిగో, ఈ గూటిదాకా వచ్చాయి. తొంభయ్యారు తుఫానుకి వెనకవైపు బంగాళాపెంకు లేచిపోతే శ్లాబేశారు. పైన రెండు గదులు పెద్దబ్బాయి మస్కట్ వెళ్ళాక."

అడిగింది అనుమతి తేదీ, వచ్చింది గోదావరి చరిత్ర. విన్నవాడు ఇల్లు గట్టిదని సంతోషించాలో, ఈసారెంత నీళ్ళొస్తాయోనని భయపడాలో తెలీక గూడుకేసి చూస్తుంటాడు. అది చూసి పెద్దమనిషి, "ఏటిగట్టు పెంచేశారండి ఆ తర్వాత" అని కలుపుతాడు.

ఇక హద్దులు. ఆయన విద్యంతా ఇక్కడుంది.

దస్తావేజులో తూర్పున చింతచెట్టు అని ఉంటుంది. చింతచెట్టు తొంభయ్యారు తుఫానుకి కూలిపోయింది. "చెట్టు పోయిందిగానండి, దాని చోటెక్కడికి పోద్దండీ" అని ఆయన నేలమీద మడమతో తట్టి చూపిస్తాడు. కొనేవాడొక్కడే ఉన్నప్పుడు ఒకచోట తడతాడు. పక్కింటాయన వచ్చి నిలబడ్డాడా, రెండడుగులు ఇవతలగా తడతాడు. ఇది చిన్న సంగతి కాదు. కాగితంలో అయిదు సెంట్లని ఉంది, అంటే 242 గజాలు. టేపు పెడితే ఎప్పుడూ అంత రాదు. విస్తీర్ణానికీ హద్దులకీ పొత్తు కుదరనప్పుడు కోర్టులు మామూలుగా హద్దులవైపే మొగ్గుతాయి. కాబట్టి లేని చింతచెట్టు ఉన్న ఇంటికంటే ముఖ్యం.

ఉత్తరపు హద్దు మీద కొబ్బరిచెట్టుంది. మొదలు మనది, వాలినది అటువైపు. దింపు తీస్తే కాయలన్నీ పక్కవాళ్ళ దొడ్లో పడతాయి. "రెండు దింపులు మనవండి, మూడో దింపు వాళ్ళది. రాతలో లేదు, మర్యాదలో ఉంది." పడమటి చూరు నీళ్ళు పక్కింటి సందులో పడతాయి. ఇరవయ్యేళ్ళు అడ్డులేకుండా, హక్కుగా వాడుకుంటే ఆ వాడకం చట్టం గుర్తించే హక్కవుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఉందని లాయరు స్నేహితుడు ఫోన్లో చెప్తాడు. మరి అడ్డు చెప్పలేదా అంటే, "వాళ్ళ తాత తిట్టేవోడండి. ఈయన తిట్టడు" అంటాడు పెద్దమనిషి. ఆ తిట్లు చట్టం కింద అడ్డు కిందికొస్తాయా రావా అని ఫోన్లో కాసేపు నిశ్శబ్దం.

అన్నిటికంటే నాకు నచ్చింది వీధరుగు సంగతి. కొనేవాడు మనసు పారేసుకున్నదే దానిమీద. రోడ్డు కొలతల ప్రకారం అది సగానికిపైగా బయటికొచ్చి ఉంది.

"అరుగు మీదేనండి. అరుగు కింద నేలే పంచాయతీది."

"అదెలా కుదురుతుందండీ?"

"తవరు కూర్చునేది అరుగుమీద కదండీ."

తలుపుల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఈ మండువాలకి ఈమధ్య ఇంకో రకం బేరగాళ్ళొస్తున్నారు. వాళ్ళకి ఇల్లక్కర్లేదు, టేకు స్తంభాలూ నగిషీ చెక్కిన ద్వారబంధాలూ కావాలి. బయానా ఇచ్చిన రోజున సింహద్వారానికి రెండు రెక్కలూ ఉంటాయి, రిజిస్ట్రేషన్నాటికి వాటి స్థానంలో ఫ్లష్ డోరుంటుంది. దస్తావేజులో ఇల్లు అని రాశారేగాని తలుపుల వర్ణన రాయలేదు. "కొత్తదేనండి, చెదపట్టదు" అంటాడు పెద్దమనిషి.

లోను కావాలన్నవాళ్ళతోనే ఆయనకి తలనొప్పి. బ్యాంకు ప్యానెల్ లాయరు ముప్పయ్యేళ్ళ లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. ఈయన ఈసీ తీసిస్తాడు. 1983 నుంచీ కంప్యూటర్లోనే దొరుకుతుంది, ఒక్క తాకట్టూ ఒక్క అమ్మకమూ ఉండవు. "ఎంత క్లీనుగా ఉందో చూడండి!" ఉండదా మరి, మూడు తరాలుగా నోటిమాట పంపకాలే తప్ప ఎవరూ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం తొక్కందే. అసలు వంద రూపాయలు గానీ ఆపైన గానీ విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని 1882 నుంచీ చట్టముంది. వందకి ఇప్పుడా ఇంటి గుమ్మానికి గొళ్ళెం కూడా రాదు.

తర్వాత బ్యాంకు పంపిన ఇంజినీరు టేపు పట్టుకొస్తాడు. ఆ టేపు రెండో కొస పట్టుకునే పని పెద్దమనిషి ఎవరికీ వదలడు. ఒకవైపు గోడ ఉమ్మడి గోడ, అడుగున్నర మందం. టేపు కొసని మన గదిలోపలి గోడకి ఆనించాలి. ఈయన కిటికీలోంచి చెయ్యి దూర్చి, కొక్కేన్ని అవతలి ముఖానికి తగిలించి, బొటనవేలితో నొక్కిపట్టి, "పట్టానండీ, చూస్కోండి!" అని కేకేస్తాడు. దాంతో గోడ మొత్తం మన లెక్కలోకొచ్చేస్తుంది. రెండేళ్ళు పోయాక పక్కిల్లు అమ్మకానికొస్తే అదే గోడ, అదే కిటికీ, అదే బొటనవేలు, అటువైపునుంచి. ఒక గోడని రెండుసార్లు అమ్మిన మనిషిని నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

ఇంత కష్టపడ్డా ఇంజినీరు కాగితంలో "ఆమోదిత ప్లాను: లేదు" అనే రాసుకుపోతాడు, లోను రాదు. పెద్దమనిషి నొచ్చుకోడు. "బ్యాంకోళ్ళకి ఇల్లక్కర్లేదండి, కాగితం కావాలి. తవరికి ఇల్లు కావాలి. వాళ్ళకీ మీకూ ఎలా కుదురుద్దండీ?" అని ఓదారుస్తాడు. కొనేవాడు పన్నెండో అంతస్తు ఫ్లాటు మీద లోను తీసుకుంటాడు. దానికి ప్లానుంది కదా.

ఆడపడుచుల సంతకాలకి ఆయన్ని మించినవాడు లేడు. అమ్మే అన్నదమ్ములు ముగ్గురూ వరసగా కుర్చీల్లో కూర్చుంటారు. అక్కచెల్లెళ్ళ ఊసెత్తితే, "వాళ్ళకి పెళ్ళిళ్ళయిపోయాయండి" అంటారు, పెళ్ళయితే రక్తసంబంధం రద్దయినట్టు. తండ్రి వాటాలో కూతురికి వంతు 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. 1985లో రాష్ట్రంలోనూ, 2005లో దేశమంతటా ఆ హక్కు ఉమ్మడి ఆస్తికీ విస్తరించింది. పెద్దమనిషికి ఈ సంవత్సరాలు పట్టవు, మనుషులు పడతారు. పెద్దావిడ ముమ్మిడివరంలో ఉంది, ఆవిడకి అమ్మ నానుతాడు తనకివ్వలేదన్న కోపం. చిన్నావిడ కాకినాడలో ఉంది, ఆవిడకి పెద్దావిడ సంతకం పెట్టిందంటే తాను పెట్టకూడదన్న పట్టుదల. ఈయన రెండు పట్టుచీరలు, ఒక గెల చక్కెరకేళి పట్టుకుని ఇద్దరిళ్ళకీ వెళ్ళొస్తాడు. ఏం చెప్తాడో తెలీదు. రిజిస్ట్రేషను రోజున ఇద్దరూ ఒకే ఆటోలో దిగుతారు, ఇంట్లో చివరిసారి ఏడుస్తారు, వేలిముద్రలేస్తారు. చీరలు కొనేవాడి ఖర్చు.

రిజిస్ట్రేషను మాత్రం గంటలో పని. స్టాంపు, బదలాయింపు సుంకం, ఫీజు, ఫొటోలు. అక్కడ రిజిస్టరయ్యేది దస్తావేజేగాని హక్కు కాదు. అమ్మినవాడికి నిజంగా హక్కుందా అన్న పూచీ ఆ ఆఫీసుది కాదని లాయర్లకి తెలుసు, కొన్నవాడికి తర్వాత తెలుస్తుంది. బయటికొచ్చాక పెద్దమనిషి కొబ్బరి బోండాం కొట్టించి చేతికిస్తాడు. ఆ రోజు మొత్తంలో ఆయన జేబులోంచి తీసే డబ్బు అదొక్కటే.

ఇంత చెప్పి కూడా ఈయన్ని తిట్టబుద్ధి కాదు నాకు. కొన్నవాడు హైదరాబాదు వెళ్ళాక నూతి మోటారు ఎవరో ఎత్తుకుపోతే, పక్కవాడు సందులో ఇటుకలు దింపితే, పంచాయతీ అరుగు పగలగొడతానంటే, పొద్దున్నే బండేసుకుని వెళ్ళేది ఈయనే. దానికి కమీషను లేదు. "మనం చూపించిన ఇల్లండి" అంటాడు. ఆ ఇంటికి ప్లానూ, పట్టా, గ్యారంటీ కార్డూ అన్నీ ఈయనే. ఈ సంగతి కొన్నవాళ్ళకి మెల్లిగా బోధపడుతుంది. పండగకి దిగగానే ముందు ఈయన ఆరోగ్యం అడుగుతారు. షుగరెంతుంది, బీపీ మాత్ర మానలేదు కదా, ఎక్సెల్ మీద రాత్రిళ్ళు తిరక్కండి. ఎంత మర్యాదస్థులో అని ఈయన ఇంట్లో చెప్పుకుంటాడు. చింతచెట్టు ఎక్కడుండేదో తెలిసిన ఆఖరి మనిషి మరి.

ఇంతలో ఆకాశంలోంచి చిక్కొచ్చిపడింది. 2020 ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినోత్సవం నాడు, కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. పల్లెల్లో ఇళ్ళున్న జాగాలన్నీ డ్రోనుతో కొలిచి ఎవరిది ఎంతో పటం గీసి, ఆస్తి కార్డులివ్వడం. దశాబ్దాలు ఒక్క నంబరుతో సరిపెట్టిన గ్రామకంఠంలో ఇంటింటికీ లెక్క. ఆ కబురు విన్నరోజు పెద్దమనిషి అన్నం సరిగ్గా తినలేదట. "పైనెగిరేదానికి చూరు కనపడద్దిగానండి, చూరు కింద మర్యాద కనపడద్దా?"

తర్వాత తెలిసింది, డ్రోను ఎగిరేముందు ఎవరి హద్దు వాళ్ళు నేలమీద సున్నంతో గీసి చూపించాలని. మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. ముందురోజు రాత్రి ఊళ్ళో ఎవరూ నిద్రపోలేదు. ఫోను లైట్లు పట్టుకుని సందుల్లో కూర్చున్నారు. సున్నం అయిపోతే ముగ్గుపిండి తెచ్చారు. తెల్లారేసరికి ఆరడుగుల సందులో ఇటువాళ్ళ గీత అటుంది, అటువాళ్ళ గీత ఇటుంది, మధ్యలో దారి ఎవరికీ మిగల్లేదు. పెద్దమనిషి బకెట్టుతో వీధి వీధీ తిరిగి, ఒకచోట చెరిపి, ఒకచోట గీసి, ఇద్దరు ముసలాళ్ళ చేత ప్రమాణం చేయించి, సర్వేయరొచ్చే వేళకి ఊరంతటినీ ఒక దారికి తెచ్చాడు. సర్వేయరు కుర్రాడు చేతులు జోడించినంత పని చేశాడు.

ఊరంతా అయ్యాక ఆఖరుగా ఆయనింటికొచ్చారు. ఇల్లు తాతపేరు మీదుంది. అన్నదమ్ములు ముగ్గురు, పంపకాల కాగితం లేదు. ఊళ్ళో అందరివీ చూసే హడావుడిలో సొంతది ఎప్పటికప్పుడు వాయిదా పడింది. వాకిట్లో ఇద్దరు తమ్ముళ్ళూ చెరో బకెట్టుతో నిలబడి ఉన్నారు. నూతిచుట్టూ మూడు తెల్లగీతలు, ఏవీ కలవవు. "అన్నయ్యా, మా అందరి తరపునా నువ్వే చెప్పు, నుయ్యి ఎవరిది?" అన్నాడు చిన్నవాడు.

పెద్దమనిషి నూతికేసి చూశాడు, తమ్ముళ్ళకేసి చూశాడు, సర్వేయర్ని పక్కకి తీసుకెళ్ళి పాత పటాల్లో ఏమైనా దొరుకుతుందేమోనని అడిగాడు. ఇదంతా గ్రామకంఠమండి, ఒకటే నంబరు అన్నాడా కుర్రాడు.

ఈ లెక్క తేల్చడానికి తమ్ముళ్ళు పక్కూరి పెద్దమనిషిని పిలిపించారు. ఆయనొచ్చి అరుగుమీద కూర్చుని, కాఫీలో పంచదార వద్దని చెప్పి, దస్తావేజులేమీ చూడకుండానే, "దీనికింత గాభరా ఏంటండీ, నేను చూస్కుంటాగా" అన్నాడు.

మన పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "మరి మాటసాయానికి ఎంతండీ?"

"బయటోళ్ళ బేరమైతే నూటికి రూపాయేనండి. అన్నదమ్ముల వ్యవహారం కదండీ, రెండు."